చిన్న వయసు తల్లి మీద పడే తీర్పులు: లెక్క ఎక్కడ ఆగుతుంది, ముద్ర ఎక్కడ మొదలవుతుంది?

పిల్లల డాక్టర్ దగ్గర వెయిటింగ్ హాలు. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఒళ్ళో నాలుగు నెలల బాబు, పక్కన వాళ్ళమ్మ. నర్సు పేరు పిలిచింది, ఫైలు చూసింది, నేరుగా అమ్మమ్మ వైపు తిరిగి అడిగింది: "రాత్రి జ్వరం ఎంత ఉందండీ? పాలు తాగుతున్నాడా?" రాత్రంతా మేలుకుని, గంట గంటకీ థర్మామీటర్ పెట్టి, టైముతో సహా ఫోన్‌లో రాసుకున్నది ఆ అమ్మాయి. ఆమె ఫోన్ తీసేలోపే అమ్మమ్మ "ఏదో కొంచెం ఉందమ్మా" అనేసింది.

అక్కడ ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అయినా తీర్పు జరిగిపోయింది. ఈ బిడ్డ గురించి ఎవరికి తెలుస్తుందో, ఎవరికి తెలియదో నర్సు మొహాలు చూసి తేల్చేసింది.

చిన్న వయసులో తల్లి అయినవాళ్ళకు ఇది రోజువారీ అనుభవం. కొన్ని మాటలు సూటిగా గుచ్చుకుంటాయి: "తనే చంటిపిల్ల, తనకో చంటిపిల్లా?" "ఇక చదువు అటకెక్కినట్టే." కొన్ని జాలిగా వస్తాయి. మరికొన్ని పొగడ్త వేషంలో వస్తాయి: "ఈ వయసులో కూడా ఎంత బాగా చూసుకుంటున్నావో!" ఆ "కూడా"లోనే ఉంది అసలు సంగతి. బాగా చూసుకోవడం ఆమె వల్ల కాదని ముందే అనుకున్నవాళ్ళే అలా ఆశ్చర్యపోతారు.

ఈ విషయం మాటల్లోకి వచ్చినప్పుడల్లా మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగం అయిపోతాయి. చిన్న వయసులో బిడ్డను కనడం వల్ల మొత్తంమీద ఇబ్బందులు ఎక్కువా? మన ఎదురుగా ఉన్న ఈ తల్లి బిడ్డను ఎలా పెంచుతోంది? ఆమెతో మనం ఎలా మెలగాలి? మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా రెండింటికీ తెలిసినట్టే అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

"చిన్న వయసు" అంటే ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ళ వరకు కౌమారం. ప్రసవాల గణాంకాల్లో ఎక్కువగా కనిపించేది 15–19 ఏళ్ళ గుంపు. ప్రపంచం మొత్తంలో ఆ వయసు అమ్మాయిలు ప్రతి 1000 మందికి 2000లో 64.5 ప్రసవాలు ఉండగా 2023 నాటికి అవి 41.3కి తగ్గాయి. అంటే చిన్న వయసు తల్లులు "రోజురోజుకీ పెరిగిపోతున్నారు" అన్న మామూలు అభిప్రాయం ప్రపంచ స్థాయిలో నిజం కాదు.

కానీ జనం నోట్లో "చిన్న వయసు" అన్న మాటకు ఈ గీతలేవీ ఉండవు. పదిహేనేళ్ళ పిల్లనూ, ఇరవై రెండేళ్ళ యువతినీ ఒకే గాటన కట్టేస్తారు. పైగా ఆ గీత జరుగుతూ ఉంటుంది. ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) సభ్య దేశాల్లో ప్రసవించే స్త్రీల సగటు వయసు 2000లో 28.6 ఏళ్ళు, 2022లో 30.9. చుట్టూ ఉన్నవాళ్ళంతా ముప్పై దాటాక తల్లులవుతుంటే, ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని ఇరవై రెండేళ్ళ వయసు ఇప్పుడు "అయ్యో, ఇంత తొందరగానా" అనిపించుకుంటోంది.

ఇంకో రెండు మాటలు కూడా విడదీసుకోవాలి. ఒక గుంపులోని వాళ్ళందరూ ఒకేలా ఉంటారని ముందే అనుకోవడం మూస అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఒక మనిషికి అంటగట్టి, దాని ఆధారంగా ఆమె విలువ తగ్గించడం ముద్ర. సామాజిక శాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ఈ రెండోదాన్ని వివరించిన తీరు ఇప్పటికీ పనికొస్తుంది: నిండు మనిషి ఎదుటివాళ్ళ కళ్ళలో ఒక్క మచ్చకు కుదించుకుపోవడం. ఆమె చదువు, హాస్యం, ఓపిక, భయాలు అన్నీ పక్కకు పోయి "ఆ చిన్న వయసు తల్లి" ఒక్కటే మిగులుతుంది.

రిస్క్ ఉన్న మాట నిజమే

ఇక్కడ మొహమాటం అక్కర్లేదు. 20–24 ఏళ్ళ స్త్రీలతో పోలిస్తే 10–19 ఏళ్ళ తల్లులకు గుర్రపు వాతం (గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే మూర్ఛలు), ప్రసవం తర్వాత గర్భాశయ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్ళ బిడ్డలు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే అవకాశం కూడా ఎక్కువ. మరీ చిన్నపిల్లల శరీరానికి ఇది నిజమైన ప్రమాదం.

బలవంతం సంగతి కూడా మరిచిపోకూడదు. యూనిసెఫ్ అంచనా ప్రకారం ఏటా సుమారు 1 కోటి 20 లక్షల మంది అమ్మాయిలకు 18 ఏళ్ళు నిండకుండానే పెళ్ళవుతోంది. తల్లి కావాలా వద్దా అని అడిగేవాళ్ళే లేని పిల్లలు వీళ్ళలో ఎందరో. కాబట్టి "ఎవరి ఇష్టం వాళ్ళది" అని తేలిగ్గా తేల్చేసే విషయం కాదిది. పదిహేనేళ్ళ పిల్ల తల్లి అయిందంటే మొదట అడగాల్సింది ఆమెను ఎవరు కాపాడలేకపోయారని. జనం మాత్రం ఆమె ఏం తప్పు చేసిందని అడుగుతారు.

సగటు నిజం, మనిషి మీద తీర్పు తప్పు: ఒక ఊహా లెక్క

ఇది కేవలం ఉదాహరణ కోసం వేసుకున్న లెక్క. చిన్న వయసు తల్లులు 100 మంది, ముప్పై ఏళ్ళ తల్లులు 100 మంది ఉన్నారనుకుందాం. ఫలానా ఇబ్బంది, అంటే టీకాలు టైముకు వేయించలేకపోవడం లాంటిది, మొదటి గుంపులో 15 మందికి, రెండో గుంపులో 10 మందికి ఎదురైంది.

"చిన్న వయసు తల్లుల్లో ఈ సమస్య ఒకటిన్నర రెట్లు" అని వార్త వస్తే అది అబద్ధం కాదు. ఆరోగ్య శాఖలో పనిచేసేవాళ్ళకు ఆ అంకె కావాలి కూడా. సాయం ఎటు పంపాలో దాన్ని బట్టే తెలుస్తుంది. ఇప్పుడు అదే అంకె పట్టుకుని, వెయిటింగ్ హాల్లో కూర్చున్న పంతొమ్మిదేళ్ళ అమ్మాయిని చూసి "ఈమె టీకాలు వేయించి ఉండదు" అనుకుందాం. 100 సార్లలో 85 సార్లు మన ఊహ తప్పు. పక్కన కూర్చున్న ముప్పై ఏళ్ళావిడ గురించి అలాగే అనుకుంటే 90 సార్లు తప్పు. రెండు చోట్లా దాదాపు ఒకేలా తప్పుతున్నాం, అయినా అనుమానపు చూపు ఒక్కరి మీదే పడుతోంది.

ఇబ్బందులకు కారణం వయసా, పరిస్థితులా?

పరిశోధకులు దశాబ్దాలుగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. చిన్న వయసులో తల్లులైనవాళ్ళ చదువు, ఆదాయం సగటున తక్కువగా ఉంటాయి. సరే, తొందరగా తల్లి కావడం వల్లే అలా జరిగిందా? లేక పేదరికం, మధ్యలో ఆగిన చదువు ముందు నుంచే ఉండి, అవే రెండింటికీ కారణమయ్యాయా?

దీన్ని తేల్చడానికి అమెరికాలో ఆర్లిన్ జెరోనిమస్, శాండర్స్ కోరెన్‌మన్ 1992లో సొంత అక్కచెల్లెళ్ళను పోల్చి చూశారు. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు. ఒకరు టీనేజ్‌లో తల్లి అయ్యారు, ఇంకొకరు తర్వాత అయ్యారు. అలా పోలిస్తే, మామూలు పోలికలో కనిపించే తేడాలో చాలా భాగం తగ్గిపోయింది. పుట్టి పెరిగిన పరిస్థితుల లెక్కను వయసు ఖాతాలో రాసేస్తున్నామన్నమాట. మరో ముగ్గురు ఆర్థికవేత్తలు ఇంకో దారి పట్టారు. టీనేజ్‌లో బిడ్డను కన్నవాళ్ళను, అదే వయసులో గర్భం వచ్చి అనుకోకుండా గర్భస్రావం అయినవాళ్ళతో పోల్చారు. వాళ్ళకు కూడా నష్టాలు అనుకున్నంత పెద్దగా కనిపించలేదు.

అవతలి వాదన కూడా గట్టిదే. వేరే సర్వేల్లోని అక్కచెల్లెళ్ళను తీసుకుంటే, తేడా తగ్గిందేగానీ మాయం కాలేదని ఇతర పరిశోధకులు చూపించారు. గర్భం పోయినవాళ్ళతో పోల్చడం ఎంతవరకు సరైనదన్న ప్రశ్న కూడా ఉంది. నాకు అర్థమైనంతలో, వయసు ప్రభావం సున్నా అని నమ్మకంగా అనలేం. అంతా వయసు వల్లే అనడానికి మాత్రం ఆధారం లేదు. బయటి జనం మాటల్లో వినిపించేది ఈ రెండోదే.

ముందే అనుకున్నది కంటికి కనిపిస్తుంది

1983లో జాన్ డార్లీ, పేజెట్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. నాలుగో తరగతి చదివే పాప వీడియో విద్యార్థులకు చూపించారు. కొందరికి ఆమె కలిగిన ఇంటి పిల్లలా, కొందరికి పేద ఇంటి పిల్లలా కనిపించేలా నేపథ్యం ఏర్పాటు చేశారు. నేపథ్యం మాత్రమే చూసినవాళ్ళు పాప తెలివి మీద తొందరపడి తీర్పు ఇవ్వలేదు, రెండు గుంపులూ ఆమెకు దాదాపు ఒకే స్థాయి ఇచ్చాయి. అసలు విషయం తర్వాత జరిగింది. మిగతావాళ్ళకు అదనంగా ఆ పాప ఒక పరీక్షలో జవాబులు చెబుతున్న వీడియో చూపించారు. కొన్ని కష్టమైనవి చెప్పింది, కొన్ని తేలికైనవి తప్పింది. అందరూ చూసిన పరీక్ష ఒక్కటే. కలిగిన ఇంటి పిల్ల అనుకున్నవాళ్ళకు తెలివైన పాప కనిపించింది, పేద ఇంటి పిల్ల అనుకున్నవాళ్ళకు వెనకబడ్డ పాప కనిపించింది.

ఈ ఫలితం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఏమీ చూడనప్పుడు వాళ్ళు న్యాయంగానే ఉన్నారు. "కళ్ళారా చూశాం" అన్న ధీమా వచ్చాకే అన్యాయం చేశారు.

దీన్ని తల్లుల మీద పెట్టి చూడండి. షాపింగ్ మాల్‌లో రెండేళ్ళ పిల్లాడు నేల మీద పడి దొర్లుతూ ఏడుస్తున్నాడు. పక్కన తల్లి చేతులు కట్టుకుని, ఏడుపు ఆగేదాకా చూస్తూ నిలబడింది. ఆమెకు ముప్పై అయిదేళ్ళయితే "ఓపికగా ఉంది, మంకుపట్టుకు లొంగట్లేదు" అంటారు. పద్దెనిమిదేళ్ళయితే "ఏం చేయాలో తెలియక బిక్కచచ్చి నిలబడింది" అంటారు. పిల్లాణ్ణి గబుక్కున ఎత్తుకుంటే, పెద్దావిడకైతే అది ప్రేమ, చిన్నామెకైతే గారాబం. ఫోన్ చూస్తుంటే, ఒకరు ఆఫీసు పనిలో ఉన్నారు, ఇంకొకరికి బిడ్డ మీద ధ్యాస లేదు. ఆమె ఏం చేసినా ముందే రాసిపెట్టిన వాక్యానికి అది రుజువైపోతుంది.

మాట పడినప్పుడు లోపల ఏం జరుగుతుంది?

ముద్ర వేయడం వల్ల మనసు నొచ్చుకుంటుంది, అంతేకదా అనుకుంటే పొరపాటు. అది ఆమె చేసే పనులను మార్చేస్తుంది.

ప్రసవం తర్వాత దిగులు ఏ వయసు తల్లికైనా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో, కొత్తగా ప్రసవించిన స్త్రీలలో దాదాపు 13 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు, అందులో ముఖ్యమైనది డిప్రెషన్. చిన్న వయసు తల్లుల్లో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి చాలా దేశాల్లో వాడేది 1987లో తయారైన ఎడిన్‌బరా ప్రశ్నావళి. గత 7 రోజుల్లో మనసు ఎలా ఉందో అడిగే 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. మార్కులు పెరిగిన కొద్దీ సాయం అవసరమని అర్థం.

ఇప్పుడు మన పంతొమ్మిదేళ్ళ అమ్మాయి చేతిలో ఆ కాగితం పెట్టారనుకోండి. కారణం లేకుండా భయం వేసిందా? నిద్ర పట్టనంత దిగులుగా ఉందా? ఏడుపు వచ్చిందా? నిన్న రాత్రి బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, శబ్దం బయటికి రాకుండా ఏడ్చిన సంగతి ఆమెకు గుర్తుంది. పెన్ను సరైన గడి దాకా వెళ్ళింది. అంతలో ఇంకో ఆలోచన: ఇది చూస్తే ఏమనుకుంటారు? "చెప్పాం కదా, చిన్నపిల్ల, దీని వల్ల కాదు" అంటారు. బిడ్డను తన చేతిలోంచి తీసుకుంటారేమో. పెన్ను పక్క గడికి జరిగింది. "అస్సలు లేదు." పది ప్రశ్నలకూ అంతే. నవ్వుతూ కాగితం ఇచ్చేసింది.

ఆ నవ్వు వెనుక ఏముందో ఆ కాగితంలో ఎక్కడా కనపడదు. నెల తర్వాత ఆమె చెకప్‌కు రాకపోతే "బాధ్యత లేదు" అంటారు. ఎక్కువ సాయం కావాల్సిన మనిషి, ముద్ర భయంతోనే సాయానికి దూరమవుతుంది. ఆ దూరం మళ్ళీ ముద్రకే బలం ఇస్తుంది. చిన్న వయసు తల్లుల విషయంలో లెక్కల్లో కనిపించే కష్టాల్లో కొంత భాగం ఈ విషచక్రంలో పుట్టినదై ఉండొచ్చని గుర్తు పెట్టుకోవాలి.

ఇంట్లో మరో రకం ఇబ్బంది ఉంటుంది. సాయం చేసే పెద్దవాళ్ళే నిర్ణయాలూ తీసేసుకుంటారు. స్నానం ఎప్పుడు, డాక్టర్ ఎవరు, ఏడిస్తే ఎత్తుకోవాలా వద్దా, అన్నీ. వాళ్ళ చేయి లేకపోతే గడవదు, కాబట్టి ఆమె ఎదురు చెప్పలేకపోతుంది. అమ్మమ్మకో, అత్తగారికో చెడు ఉద్దేశం ఉండాల్సిన పనిలేదు. ప్రేమతోనే ఆమెను తల్లి స్థానం నుంచి పక్కకు జరిపేస్తారు.

తండ్రి వయసు ఎవరూ అడగరు

పైన చెప్పిన 41.3 అనే అంకెను మళ్ళీ చూడండి. అది ప్రతి 1000 మంది అమ్మాయిలకు వేసిన లెక్క. బిడ్డ తండ్రికి పద్దెనిమిదా, ముప్పయ్యా అన్నది అందులో ఎక్కడా రాదు. మాటల్లోనూ అంతే. బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి చూసి జనం ముచ్చటపడతారు. అదే వయసు అమ్మాయిని చూసి లెక్కలు కడతారు.

"చిన్నచూపు లేకపోతే అందరూ అదే దారి పడతారు" అనే వాదన

దీన్ని కొట్టిపారేయకుండా వినాలి. ఇలా అనేవాళ్ళలో చాలామంది క్రూరులు కాదు, తమ కూతురి చదువు గురించి బెంగపడే తల్లిదండ్రులు. కాస్త భయం, కాస్త సిగ్గు ఉంటేనే పిల్లలు జాగ్రత్తగా ఉంటారన్నది వాళ్ళ నమ్మకం.

2013లో న్యూయార్క్ నగరపాలక యంత్రాంగం ఈ నమ్మకంతోనే పోస్టర్లు వేసింది. ఏడుస్తున్న పసివాళ్ళ ఫోటోలు, నీ వల్ల నా బతుకు ఇలా అయిందని బిడ్డే తల్లిని నిలదీస్తున్నట్టు మాటలు. పోస్టర్లలోని అంకెలు నిజమైనవే కదా అని నగరం సమర్థించుకుంది. ఇప్పటికే తల్లులైనవాళ్ళను ఇవి నడిరోడ్డు మీద అవమానిస్తున్నాయని విమర్శలు వచ్చాయి.

పిల్లల పెంపకం ఎంత కష్టమో ముందే రుచి చూపిస్తే వెనకడుగు వేస్తారన్న ఆలోచనను పశ్చిమ ఆస్ట్రేలియాలో 57 స్కూళ్ళలో పరీక్షించారు. 13–15 ఏళ్ళ అమ్మాయిలకు ఏడ్చే, పాలు అడిగే ఎలక్ట్రానిక్ బొమ్మను ఇచ్చి చూసుకోమన్నారు. 20 ఏళ్ళు వచ్చేదాకా వివరాలు సేకరించి 2016లో ఫలితం ప్రకటించారు. బొమ్మ ఇచ్చిన గుంపులో 8 శాతం మంది తల్లులయ్యారు, ఇవ్వని గుంపులో 4 శాతం మంది. అనుకున్నదానికి సరిగ్గా ఎదురు.

ఇంగ్లండ్ 1999లో ఇంకో దారి ఎంచుకుంది. లైంగిక విద్య, గర్భనిరోధక సేవలు అందుబాటులోకి తెస్తూనే, అప్పటికే తల్లిదండ్రులైన టీనేజర్లు చదువులోకి, ఉద్యోగాల్లోకి తిరిగి రావడానికి సాయం కూడా అదే పథకంలో పెట్టింది. 18 లోపు అమ్మాయిల్లో గర్భధారణ రేటు 1998లో వెయ్యికి సుమారు 47 ఉండేది, 2014 నాటికి 23 దగ్గరికి వచ్చింది. అదే కాలంలో ఇతర దేశాల్లోనూ రేట్లు తగ్గాయి కాబట్టి ఘనత మొత్తం ఆ పథకానిదే అనలేం. కానీ తల్లులకు అండగా నిలిస్తే సంఖ్య పెరిగిపోతుందన్న భయం మాత్రం అక్కడ నిజం కాలేదు.

అండ అంటే ఏదైనా పనిచేస్తుందని కూడా కాదు. నర్సులు ఇంటికి వెళ్ళి చిన్న వయసు తల్లులకు తోడుగా ఉండే పద్ధతి అమెరికాలో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్‌మైరాలో చేసిన తొలి ప్రయోగంలో, పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆ ఇళ్ళలో పిల్లల మీద వేధింపులు తక్కువగా నమోదయ్యాయి. అదే పద్ధతిని ఇంగ్లండ్‌లో పరీక్షిస్తే, పొగతాగడం మానడం, బిడ్డ బరువు, రెండేళ్ళలోపు మళ్ళీ గర్భం వంటి ముఖ్యమైన కొలతల్లో తేడా రాలేదని 2016లో తేలింది. అక్కడ అందరికీ అప్పటికే మంచి సేవలు అందుతుండటం ఒక కారణం కావచ్చు.

స్కూలు గేటు దగ్గర

చూపులు, మాటలు ఒక ఎత్తు. అవే అభిప్రాయాలు నిబంధనలుగా మారితే ఇంకో ఎత్తు. సియెర్రా లియోన్ 2015లో గర్భంతో ఉన్న అమ్మాయిలు మామూలు స్కూళ్ళకు రాకూడదని, పరీక్షలు రాయకూడదని నిషేధం పెట్టింది. మిగతా అమ్మాయిలు చెడిపోతారన్నది చెప్పిన కారణం. అది వివక్ష అని పశ్చిమాఫ్రికా దేశాల ప్రాంతీయ కోర్టు 2019 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 2020 మార్చిలో నిషేధం ఎత్తేశారు. టాంజానియాలోనూ తల్లులైన అమ్మాయిలకు ప్రభుత్వ స్కూళ్ళ తలుపులు మూసేశారు, 2021 నవంబరులో మళ్ళీ తెరిచారు. ఆ ఏళ్ళలో బడి వయసు దాటిపోయినవాళ్ళకు ఆ తెరిచిన తలుపు ఆలస్యమే.

ఒక్క తలుపు ఎంత తేడా తెస్తుందో చూడాలంటే చాలా ఏళ్ళు ఓపిక పట్టాలి. ఫ్రాంక్ ఫర్‌స్టెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ పని చేశారు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1960ల్లో టీనేజ్‌లో తల్లులైన సుమారు 300 మందిని, 1984 దాకా, వాళ్ళ పిల్లలు కూడా టీనేజ్‌కు వచ్చేదాకా, మళ్ళీ మళ్ళీ కలిశారు. తొందరగా తల్లి కావడం చాలామందికి భారమైన మాట నిజమే, కొందరు పేదరికంలోనే ఉండిపోయారు. కానీ ఎక్కువమంది హైస్కూలు చదువు పూర్తి చేశారు, ఉద్యోగాల్లో నిలదొక్కుకున్నారు. కొందరు పదేళ్ళు గ్యాప్ వచ్చాక, ముప్పై దగ్గర పడ్డాక, మళ్ళీ పుస్తకం పట్టుకుని చదివారు.